ఒకే రేడియో, నాలుగు యాంటెన్నాలు: షార్ట్‌వేవ్‌కు కొత్తవాళ్లు ఏది కొనాలి?

తీర్పు ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. షార్ట్‌వేవ్, అంటే దూరదేశాల స్టేషన్లు కూడా అందే రేడియో బ్యాండ్లు, వినడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లు కొనాల్సిన మొదటి యాంటెన్నా, చుట్టలో వచ్చే ఏడు మీటర్ల సన్న వైరు. అదైనా ఇంట్లో రొద, అంటే కరెంటు పరికరాల వల్ల రేడియోలో వినబడే గోల, ఎక్కడ పుడుతోందో కనిపెట్టాకే. ఆ రొదను ఆపడం మన చేతిలో లేదని తేలితే యాక్టివ్ లూప్ (యాంప్లిఫయరు ఉన్న తీగ వలయం) వైపు చూడాలి. డాబా మీద జాగా, టేబుల్ మీద పెద్ద రిసీవరు రెండూ ఉన్నవాళ్లకే లాంగ్‌వైరు, అంటే బయట కట్టే పొడవాటి తీగ. రేడియోతో పాటు వచ్చే కడ్డీని మాత్రం ఎవరూ తక్కువగా చూడొద్దు.

నేను ఇంజినీరును కాను, చెవితో తేల్చుకునే రకం. ఉండేది మూడో అంతస్తు ఫ్లాటులో. చుట్టూ కాంక్రీటు, ఆ కాంక్రీటు లోపల ఇనుప చువ్వలు, గోడకు అటు పక్కా ఇటు పక్కా మనుషులు, వాళ్ల చార్జర్లు. రేడియో బ్యాటరీతో నడిచే చిన్నది, పక్కన 3.5 మిల్లీమీటర్ల యాంటెన్నా సాకెట్ ఉంది. దానికే నాలుగూ మార్చి మార్చి తగిలించి విన్నాను: రేడియో కడ్డీ, చుట్ట వైరు, 9:1 ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాతో ఇరవై మీటర్ల లాంగ్‌వైరు, 5 వోల్టులతో నడిచే లూప్. లాంగ్‌వైరును డాబా మీద కట్టాల్సి వచ్చింది. మిగిలిన మూడింటికీ కిటికీ ఒకటే.

యాంటెన్నాలను పోల్చడంలో ఒక తిరకాసు ఉంది. షార్ట్‌వేవ్ సిగ్నల్ అయనావరణానికి తగిలి వంగి కిందికొస్తుంది. ఆ పొర ఎప్పుడూ నిలకడగా ఉండదు. నిమిషం క్రితం ఖంగుమన్న స్టేషను ఇప్పుడు సన్నగిల్లుతుంది, మళ్లీ లేస్తుంది. ఈ ఎత్తుపల్లాలు 20 డెసిబెల్స్ (ప్రతి పది డెసిబెల్స్‌కూ శక్తి పది రెట్లు) దాకా ఉండడం మామూలే. కాబట్టి నిన్న ఒకదానితో విని, ఇవాళ ఇంకోదానితో విని "ఇదే బాగుంది" అనడం దండగ. ఒకే స్టేషను మీద, కొద్ది సెకన్ల తేడాతో, అటూ ఇటూ పదేపదే మార్చి వినాలి. ఇందుకు నేను వాడుకున్నవి టైమ్ సిగ్నల్ స్టేషన్లు. అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి డబ్ల్యూడబ్ల్యూవీ 5, 10, 15 మెగాహెర్ట్జ్‌ల మీద సెకనుకో టిక్కు కొడుతూ ఉంటుంది. చైనా వాళ్ల బీపీఎం కూడా ఆ ఫ్రీక్వెన్సీల మీదే వస్తుంది. పాట లేదు, వార్త లేదు, టిక్కు ఒక్కటే. రొదలోంచి ఆ టిక్కు ఎంత పైకి తేలుతోందో చెవికి ఇట్టే తెలుస్తుంది. సంగీతం పెట్టుకుని పోల్చబోతే పాట బాగుంటే యాంటెన్నా కూడా బాగున్నట్టే అనిపిస్తుంది.

రేడియో మీద కనిపించే సిగ్నల్ గీతలను మాత్రం నమ్మకండి. ఆ గీతలకు స్టేషనూ ఒకటే, మీ ఎల్‌ఈడీ బల్బు చేసే గోలా ఒకటే. ఏది పెరిగినా అవి పెరుగుతాయి. టెక్సన్ పీఎల్-330, పీఎల్-310ఈటీ లాంటి రేడియోల్లో రెండు అంకెలు కనబడతాయి. మొదటిది సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెబుతుంది, రెండోది ఆ సిగ్నల్ రొద కంటే ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది. చూడాల్సింది రెండోదాన్ని. కొత్త యాంటెన్నా తగిలించగానే మొదటి అంకె అమాంతం లేచి, రెండోది ఉన్నచోటే ఉందంటే, అది స్టేషన్‌నూ రొదనూ సమానంగా పెంచిందన్నమాట. ఆ మాత్రం పని వాల్యూమ్ నాబ్ కూడా చేస్తుంది.

యాంటెన్నా కొనే ముందు బుర్రకెక్కించుకోవాల్సిన సంగతి ఇదొక్కటే, అందుకే కాస్త సాగదీస్తాను. వేడి వల్ల ఏ వస్తువులోనైనా ఎంతో కొంత రొద పుడుతుంది, దాన్ని కనీస మట్టం అనుకుందాం. మనుషులు వాడే కరెంటు పరికరాల రొద ఆ మట్టానికి ఎంత పైన ఉంటుందో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పీ.372 అనే సిఫార్సులో లెక్క ఇచ్చింది. ఆ లెక్కన 10 మెగాహెర్ట్జ్ దగ్గర నివాస ప్రాంతాల్లో అది సుమారు 45 డెసిబెల్స్ పైన, నగరంలో 49 పైన, బాగా ప్రశాంతమైన పల్లె ప్రాంతంలో 25 పైన ఉంటుంది. ఇవి మధ్యస్థ విలువలు, ఇంటింటికీ మారతాయి. అయినా విషయం బోధపడుతుంది. నగరానికీ ప్రశాంతమైన పల్లెకూ మధ్య తేడా 24 డెసిబెల్స్, అంటే రొద శక్తిలో సుమారు 250 రెట్లు. ఏ యాంటెన్నా కొన్నా ఇంత లాభం రాదు. రేడియో పట్టుకుని ఊరి బయటికి వెళ్తే ఊరికే వస్తుంది.

ఇదే లెక్కలో కొత్తవాళ్లకు ధైర్యమిచ్చే మాట కూడా ఉంది. బయటి రొద 45 డెసిబెల్స్ ఎత్తున ఉన్నప్పుడు, మన యాంటెన్నా పొట్టిదై 15, 20 డెసిబెల్స్ పోగొట్టినా వినికిడిలో పోయేదేమీ లేదు. స్టేషనుతో పాటు రొద కూడా అంతే తగ్గుతుంది, రెంటి మధ్య తేడా అలాగే ఉంటుంది. ప్రసారం చేసేవాళ్ల సంగతి వేరు, వాళ్లు పంపే శక్తి వృథా కాకూడదు కాబట్టి వాళ్లకు యాంటెన్నా కొలతలు పక్కాగా కుదరాలి. వినేవాళ్లం కొలతల గురించి టెన్షన్ పడనక్కర్లేదు. ఉన్న యాంటెన్నా సరిపోతోందో లేదో తేల్చుకోవడానికి పరికరాలు కూడా అక్కర్లేదు. స్టేషను లేని ఖాళీ చోట ట్యూన్ చేసి, యాంటెన్నా పీకి వినండి, మళ్లీ పెట్టి వినండి. పెట్టగానే బుస్సుమనే శబ్దం స్పష్టంగా పెరిగితే, ఆ ఫ్రీక్వెన్సీ మీద మీ యాంటెన్నా బయటి రొదను అందుకుంటోందని అర్థం. ఆ స్థితికి చేరాక ఇంకా పొడుగు పెంచి లాభం లేదు. ఇక చూడాల్సింది రొద తక్కువున్న చోటు కోసమే.

ఇక కడ్డీ. మీటరుకు అటూ ఇటూగా ఉండే ఈ పుల్లను చూసి, 31 మీటర్ల బ్యాండులో (బ్యాండ్లకు వాటి అలల పొడవే పేరు) ఇదేం పని చేస్తుందిలే అనుకుంటాం. నిజానికి చిన్న రేడియోల్లో లోపలి సర్క్యూటును ఈ కడ్డీకి తగ్గట్టే తయారు చేస్తారు. దీని బలహీనత పొట్టితనం కాదు, ఎప్పుడూ రేడియో వెంటే, అంటే ఇంట్లోనే, రొద మధ్యలోనే ఉండడం. గది మధ్యలో నుంచి కిటికీ అంచుకు జరిపితే తేడా తెలుస్తుంది. కిటికీలోంచి అడ్డంగా బయటికి చాపితే ఇంకా తెలుస్తుంది. రేడియోను చేత్తో పట్టుకుంటే సిగ్నల్ పెరగడం మీరూ గమనించే ఉంటారు. కడ్డీ సగం యాంటెన్నానే, రెండో సగం రేడియో ఒళ్లు, దాన్ని పట్టుకున్న మన ఒళ్లు. అందుకే రేడియోకు చార్జర్ తగిలిస్తే పని చెడుతుంది. అప్పుడు ఇంటి కరెంటు వైరింగంతా ఆ రెండో సగమైపోతుంది. వినేటప్పుడు బ్యాటరీ మీదే వినాలి, ఇందులో నా దగ్గర మినహాయింపుల్లేవు.

పగటిపూట 15 మెగాహెర్ట్జ్ పైన, అంటే 19, 16 మీటర్ల బ్యాండ్లలో, కడ్డీ ఆశ్చర్యపరిచింది. చుట్ట వైరు తగిలించినా బలమైన స్టేషన్లలో తేడా నా చెవికి దొరకలేదు. కారణం ఉంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ మనుషులు చేసే రొద తగ్గుతుంది, పైన చెప్పిన లెక్కలోనే 5 నుంచి 15 మెగాహెర్ట్జ్‌కు వెళ్తే సుమారు 13 డెసిబెల్స్ తగ్గుదల. అలల పొడవు కూడా తగ్గుతుంది కాబట్టి వాటితో పోలిస్తే కడ్డీ మరీ పొట్టిది కాదు. కొత్తవాళ్లు సాధారణంగా రాత్రి తీరిక దొరికినప్పుడు 6 మెగాహెర్ట్జ్ దగ్గరుండే 49 మీటర్ల బ్యాండుతో మొదలుపెడతారు. రొద ఎక్కువగా ఉండేదీ, కడ్డీ బలహీనంగా ఉండేదీ అక్కడే. దాంతో రేడియో మంచిది కాదని తేల్చేస్తారు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం 15100 నుంచి 15800 కిలోహెర్ట్జ్ మధ్య ఓసారి తిప్పి చూసి, ఆ తర్వాత తిట్టుకోండి.

రెండో యాంటెన్నాకు ముందు రొద వేట. ఇంట్లో వాళ్లకు చెప్పి, మెయిన్ స్విచ్ ఆపేసి, బ్యాటరీ రేడియోతో వినాలి. చెప్పకుండా ఆపితే జరిగే పరిణామాలకు ఈ సమీక్ష బాధ్యత వహించదు. ఆపగానే రొద పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నట్టు. ఒక్కొక్క స్విచ్చే వేసుకుంటూ వస్తే వాడే దొరుకుతాడు. మా ఇంట్లో దొరికినవి ఒక ఫోన్ చార్జరు, వంటగదిలో ఒక ఎల్‌ఈడీ బల్బు, అన్నిటికన్నా ఘోరంగా ఇంటర్నెట్ రౌటర్ తాలూకు అడాప్టరు. ఇలాంటి అడాప్టర్ల రొదకు ఒక గుర్తు ఉంటుంది. బ్యాండు మీద నెమ్మదిగా తిప్పుకుంటూ పోతే కొన్ని పదుల కిలోహెర్ట్జ్‌లకోసారి బురబురమంటూ ఒక గుట్ట లేచి, మధ్యలో కాస్త తగ్గి, మళ్లీ లేస్తుంది. చార్జరును, బల్బును మార్చాను. రౌటర్ అడాప్టరు వైరుకు క్లిప్పులా పట్టుకునే ఫెర్రైట్ ముక్క వేసి, అందులోంచి వైరును వీలైనన్ని చుట్లు తిప్పితే సగం గోల తగ్గింది. ఫెర్రైట్ గుండా వైరు ఒక్కసారి దూరిపోతే షార్ట్‌వేవ్‌లో పెద్దగా ఫలితం ఉండదు, చుట్లు పడాల్సిందే. ఇది కూడా కొన్న వస్తువే కాబట్టి రేటింగ్ ఇవ్వాలంటే, నాలుగు యాంటెన్నాల కన్నా దీనికే ఎక్కువ ఇస్తాను.

మెయిన్ ఆపినా పోకుండా మిగిలిన రొద పొరుగువాళ్లది. దానికి వెళ్లి తలుపు తట్టడం నా వల్ల కాలేదు.

చుట్ట వైరు అంటే టేపులాగా చిన్న ప్లాస్టిక్ రీలులో చుట్టుకునే సన్నటి వైరు. ఒక చివర 3.5 జాక్, లేదా కడ్డీకి పట్టించే క్లిప్పు ఉంటుంది. చాలా కంపెనీలు దాదాపు ఒకే పొడవులో, ఏడు మీటర్ల చుట్టుపక్కల, చేస్తాయి. కొన్ని రేడియోల పెట్టెలో అదే వస్తుంది, కాబట్టి కొనే ముందు పెట్టె అడుగున వెతకండి. నేను కిటికీ ఊచల్లోంచి వదిలి, కింద చిన్న బరువు కట్టి వేలాడదీశాను. గోడకు ఆనుకుని వేలాడుతుంటే పెద్ద లాభం కనిపించలేదు. ఒక వెదురు కర్రకు కట్టి గోడకు మీటరు దూరంలో ఉండేలా చూశాక అసలు సంగతి తెలిసింది. 49 మీటర్లలో కడ్డీ మీద బుస్సు తప్ప ఏమీ లేని చోట్ల మనిషి గొంతు వినబడింది. వైరును కిటికీ బయట ఇంకో మూలకు అడ్డంగా కూడా కట్టి చూశాను. నిలువుకూ అడ్డానికీ తేడా ఉన్నా, గోడకు దూరంగా జరిపితే వచ్చిన తేడా ముందు అది ఎంతో లేదు. ఈ వైరు మీద బట్టలు ఆరేసుకోవచ్చా అని మా ఆవిడ అడిగింది. ఆరేసుకోకూడదు, తెగుతుంది.

ఈ వైరుకు పైసా ఖర్చు లేని ఒక మెరుగు చెబుతాను, ఏ పెట్టె మీదా రాసి ఉండదు. కడ్డీకి రెండో సగం ఉన్నట్టే వైరుకూ ఒకటి కావాలి. మనం ఇవ్వకపోతే అది దొరికినదాన్ని తీసుకుంటుంది, హెడ్‌ఫోన్ వైరునో, రికార్డింగ్ కోసం ల్యాప్‌టాప్‌కు కలిపిన కేబుల్‌నో. అందుకని ఇంకో నాలుగైదు మీటర్ల మామూలు ఇన్సులేషన్ వైరు తీసుకుని, జాక్ తాలూకు గ్రౌండు వైపుకు కలిపి, మొదటి వైరుకు వ్యతిరేక దిశలో నేల మీద పరిచాను. స్టేషన్ల బలం కొంచెమే పెరిగింది. బురబుర మాత్రం బాగా తగ్గింది. ముఖ్యంగా ల్యాప్‌టాప్ కలిపి ఉన్నప్పుడు తేడా స్పష్టంగా వినబడింది. జాక్‌కు గ్రౌండు తీగ బయటికి లేని చుట్ట వైర్లే ఎక్కువ. అందుకని విడిగా ఒక జాక్ కొని రెండు వైర్లూ టంకం పెట్టుకుంటే మేలు.

చుట్ట వైరుతో వచ్చే తలనొప్పి రాత్రిపూట బయటపడుతుంది. 41, 31 మీటర్ల బ్యాండ్లలో పెద్ద స్టేషన్లు వందల కిలోవాట్లతో విరుచుకుపడే వేళ, చిన్న రేడియోకు ఏడు మీటర్లు కూడా ఎక్కువవుతాయి. సన్న గరాటులోకి బిందెడు నీళ్లు కుమ్మరించినట్టు ఉంటుంది. ఒకే స్టేషను నాలుగు చోట్ల వినబడుతుంది, ఒకదాని వెనక ఇంకోటి మాట్లాడుతుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి "యాంటెన్నా పెట్టగానే ఎన్ని స్టేషన్లో!" అని మురిసిపోతారు. అవి నిజం స్టేషన్లు కావు, దయ్యాలు. పరీక్ష సులువు. లోపల 455 కిలోహెర్ట్జ్ ఒక్కటే ఐఎఫ్ (ప్రతి స్టేషన్‌నూ రేడియో లోపల మార్చుకునే మధ్య ఫ్రీక్వెన్సీ) ఉన్న మామూలు రేడియోల్లో దయ్యం స్టేషను అసలు దానికి సాధారణంగా 910 కిలోహెర్ట్జ్ కింద కనబడుతుంది, 9600 మీద ఉన్న గట్టి స్టేషను 8690 మీద కూడా పలుకుతుంది. అలా దొరికితే యాంటెన్నా నుంచి వచ్చే సిగ్నల్‌ను తగ్గించే డీఎక్స్/లోకల్ స్విచ్చును లోకల్‌కు మార్చండి. స్విచ్ లేకపోతే వైరులో మూడు మీటర్లే బయటికి లాగండి. చుట్ట యాంటెన్నాలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే, ఎంత కావాలంటే అంతే విప్పుకోవచ్చు.

లాంగ్‌వైరు గురించి క్లుప్తంగా. బయట పాతిక ముప్పై మీటర్ల దాకా తీగ, దాని మొదట్లో 9:1 ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా, అక్కణ్ణుంచి కోయాక్స్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటిది) రేడియోకు. తీగ దగ్గర వందల ఓమ్‌లుండే ఇంపీడెన్సును (సిగ్నల్ కరెంటుకు ఎదురయ్యే అడ్డును) కేబుల్‌కు తగిన 50 ఓమ్‌ల దగ్గరికి దింపడం ఆ డబ్బా పని. లోపల ఫెర్రైట్ రింగు మీద కొన్ని చుట్లు తప్ప ఏమీ ఉండదు. నేను తెప్పించుకున్న పేరులేని డబ్బా విప్పి మల్టీమీటర్ పెడితే, తీగ వైపుకూ కేబుల్ వైపుకూ నేరుగా కనెక్షన్ కనబడింది. రెండు వైపులా విడివిడి చుట్లున్న రకం దొరికితే అదే తీసుకోండి. కేబుల్ పైతొడుగు వెంట పాకి వచ్చే ఇంటి రొద యాంటెన్నాలోకి ఎక్కకుండా అది కొంత ఆపుతుంది. డబ్బాను కిటికీ దగ్గర పెట్టి తీగను ఇంట్లోంచే మొదలుపెడితే ఈ ఏర్పాటంతా వృథా. డబ్బా ఇంటికి దూరంగా ఉండాలి, దాని గ్రౌండు అక్కడే నేలలో పాతిన కడ్డీకి కలవాలి. డాబా మీద కట్టిన నాకు నేల లేదు. తీగ అంత పొడవునే ఇంకో తీగను పరిచి సరిపెట్టాను. చిన్న రేడియోకు తగిలిస్తే ఊహించినట్టే దయ్యాల సంత. మిత్రుడి టేబుల్ రిసీవరుకు తగిలిస్తే ఆ యాంటెన్నా ఎందుకో అర్థమైంది, 60, 90 మీటర్ల బ్యాండ్లలో మిగిలిన మూడింటికీ అందని స్టేషన్లు వచ్చాయి.

ఒక్క బ్యాండునే ప్రేమించేవాళ్లు ఆ డబ్బా మానేసి డైపోల్ కట్టుకోవచ్చు. మొత్తం పొడవు మీటర్లలో కావాలంటే 143ను మెగాహెర్ట్జ్‌లతో భాగించండి. 9.65కు దాదాపు 14.8 మీటర్లు వస్తుంది, మధ్యలో కోసి రెండు వైపులా 7.4 చొప్పున. అరమీటరు అటూ ఇటైనా వినడానికి ఏమీ కాదు.

బయట తీగ కట్టేవాళ్లు నవ్వకుండా వినాల్సిన మాట: కరెంటు తీగలకు పైనా కిందా పక్కనా, తెగి పడితే తగిలేంత దూరంలో ఎక్కడా కట్టొద్దు. ఉరుములు వినబడక ముందే యాంటెన్నా పీకేసి బయటికి వదిలేయండి. పిడుగు తీగ మీదే పడనక్కర్లేదు, దగ్గర్లో పడినా చాలు, రేడియో ముందు భాగం పోతుంది. పొడి గాలి వీచే రోజుల్లో తీగ మీద స్థిరవిద్యుత్తు కూడా పేరుకుంటుంది.

ఇక లూప్. అరవై సెంటీమీటర్ల వ్యాసమున్న ఉక్కు తీగ వలయం, దాని మొదట్లో చిన్న యాంప్లిఫయరు, పది మీటర్ల సన్న కేబులు, రేడియో దగ్గర 5 వోల్టులు ఎక్కించే ఇంకో డబ్బా. ఈ నమూనాలో చవకగా దొరికేవి చాలా ఉన్నాయి, నాదీ అలాంటిదే. కొన్నప్పుడు నమ్మకం లేదు. కిటికీ లోపల కుర్చీ మీద నిలబెట్టి వింటే నమ్మకం ఇంకా తగ్గింది, కడ్డీ కన్నా మెరుగేమీ లేదు. కర్ర చివర కట్టి కిటికీ బయట మీటరున్నర దూరానికి చాపాక లెక్క మారిపోయింది. చుట్ట వైరు కన్నా స్టేషన్లు గట్టిగా ఏమీ రాలేదు. పొరుగువాళ్ల బురబుర మాత్రం వెనక్కి తగ్గింది. 10 మెగాహెర్ట్జ్ మీద వైరుతో వచ్చీరానట్టు ఉన్న టిక్కు, లూప్‌తో లెక్కపెట్టుకునేలా వచ్చింది.

లూప్‌ను తిప్పడంలో ఒక సంగతి ఉంది, దాన్ని అమ్మేవాళ్లు తలకిందులుగా చెబుతారు. వలయం ముఖం ఏ వైపు చూస్తోందో ఆ దిక్కున తక్కువ అందుకుంటుంది, అంచు చూపే దిక్కున ఎక్కువ. కాబట్టి అంచును స్టేషను వైపు తిప్పమంటారు. షార్ట్‌వేవ్ సిగ్నల్ పైనుంచి ఏటవాలుగా, తీరు మార్చుకుంటూ దిగుతుంది. దాని మీద ఈ దిక్కుల తేడా అంత పదునుగా పనిచేయదు. పక్కింటి అడాప్టరు రొద మాత్రం దగ్గర్లోంచి, ఒకే వైపు నుంచి వస్తుంది, దాని మీద బాగా పనిచేస్తుంది. అందుకని స్టేషన్‌ను వెతుక్కుంటూ కాదు, రొదను తప్పించుకుంటూ తిప్పాలి. ఖాళీ ఫ్రీక్వెన్సీ మీద పెట్టి, గోల బాగా పడిపోయే కోణం దొరికే దాకా మెల్లగా తిప్పండి. ఆ కోణంలో బిగించేసి, ఆ తర్వాత స్టేషన్లు వెతుక్కోండి. రొద ఇంటి వైరింగంతా పాకి నాలుగు వైపుల నుంచీ వస్తుంటే ఈ కోణం దొరకదు, అప్పుడు లూప్‌ను ఇంకో కిటికీకి మార్చడమే.

లోపాలు లేకపోలేదు. 5 వోల్టులు ఎక్కడి నుంచి ఇస్తారన్నది పెద్ద ప్రశ్న. ఫోన్ చార్జరుతో ఇస్తే రొదను మీరే పిలిచి కూర్చోబెట్టినట్టు. పవర్ బ్యాంకుతో ఇస్తే, లూప్ తీసుకునే కరెంటు మరీ తక్కువ కావడంతో ఫోన్ నిండిపోయిందనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి ఆగిపోతాయి. కొన్నిటి లోపలి సర్క్యూటే బురబురమంటుంది. పాతకాలపు బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టరు మేలు, అయితే వోల్టేజి సరిగ్గా 5కు స్థిరపరిచింది కావాలి. నాకొచ్చిన డబ్బా వానకు తట్టుకునేలా లేదు, కీళ్ల దగ్గర సిలికాన్ పూసుకున్నాను. 20 మెగాహెర్ట్జ్ దాటాక యాంప్లిఫయరు సొంత బుస్సు వినబడుతుంది, అక్కడ కడ్డీయే నయం. దగ్గర్లో మీడియంవేవ్ ట్రాన్స్‌మిటరు ఉన్నవాళ్లు ఇలాంటి చవక లూప్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. దాని దెబ్బకు యాంప్లిఫయరు ఉక్కిరిబిక్కిరై బ్యాండంతా చిత్తడి చేస్తుంది.

యాంప్లిఫయరు లేని లూప్‌లు కూడా ఉన్నాయి, ఎయిర్‌స్పై వాళ్ల యూలూప్ లాంటివి. బాగా సున్నితమైన ఎస్‌డీఆర్ రిసీవర్ల (సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే రేడియోల) కోసం చేసినవి అవి. వాటిని చిన్న రేడియోకు తగిలిస్తే చెవుడు వచ్చినట్టుంటుంది. మినీ విప్ అనే అరచేతిలో ఇమిడే యాక్టివ్ యాంటెన్నా గురించి కూడా గొప్పగా వింటారు. ఆ పొగడ్తలో నిజముంది. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో పీటర్-చెర్క్ డె బోయర్ నడిపే వెబ్‌ఎస్‌డీఆర్ రిసీవరుకు ఉన్నది మినీ విప్పే, ప్రపంచమంతా ఇంటర్నెట్‌లో దాన్నే వింటోంది. కానీ దానికి భవనం పైన ఎత్తు, సరైన గ్రౌండు ఉండాలి. కిటికీ దగ్గర పెడితే అది ఇంటి రొదనంతా ఆప్యాయంగా పోగేస్తుంది. ఆ వెబ్‌ఎస్‌డీఆర్‌ను ఇంకో పనికి వాడుకోవచ్చు. మీకు స్టేషను రాకపోతే అదే వేళకు అదే ఫ్రీక్వెన్సీ అక్కడ విని చూడండి. అక్కడ గట్టిగా వస్తుంటే, ఆ స్టేషను ప్రసారంలో ఉందనీ, షెడ్యూలు మారలేదనీ అయినా తేలుతుంది.

సిగ్నల్ బూస్టర్ పేరుతో వచ్చే యాంప్లిఫయరు డబ్బాలను విడిగా కొనొద్దు, కారణం పైన వాల్యూమ్ నాబ్ దగ్గరే చెప్పాను. ఇప్పుడు నా ఏర్పాటు ఇలా ఉంది: పగలు కడ్డీ, రాత్రి లూప్, ప్రయాణాల్లో బ్యాగులో చుట్ట వైరు. లాంగ్‌వైరు మిత్రుడి ఇంటికి వెళ్లిపోయింది. లూప్ ఆర్డరు చేసేవాళ్లు ఒక్కటి అడిగి తెలుసుకోండి: వాళ్ల డబ్బాకు చాలావరకు ఎస్‌ఎమ్‌ఏనో బీఎన్‌సీనో అనే రకం కేబుల్ కనెక్టరు ఉంటుంది, మీ రేడియోకు ఉండేది 3.5 సాకెట్. ఆ రెంటినీ కలిపే అడాప్టరు పెట్టెలో వస్తుందా అని. నాకొచ్చిన పెట్టెలో లేదు, అది విడిగా వచ్చే దాకా లూప్ బాల్కనీలో ఊరికే వేలాడింది.